పక్కింటివారి కట్టెలు కొట్టిపెడితే ఎంత అడగాలి?

ఫార్మింగ్టన్ హిల్స్‌లో పాత కాలనీల్లో ఇల్లు కొనుక్కున్న మనవాళ్లకు ఇంటితోపాటు రెండు కలిసివస్తాయి: హాల్లో ఇటుకల ఫైర్‌ప్లేస్, పెరట్లో ఇంటికన్నా పెద్ద వయసున్న చెట్లు. కొత్తలో రెండూ ముచ్చటగానే ఉంటాయి. ఒక రాత్రి పెనుగాలి వీస్తుంది. లేదా 2023 ఫిబ్రవరి 22న కురిసినట్టు మంచువాన కురిసి, కొమ్మలు బరువు మోయలేక ఫెళఫెళా విరుగుతాయి. ఆ వారం డెట్రాయిట్ చుట్టుపక్కల లక్షల ఇళ్లకు కరెంటు పోయింది. చెట్లు కొట్టే కంపెనీవాళ్లు వచ్చి, పడిన చెట్టును దుంగలుగా కోసి, పెరట్లోనే వదిలేసి పోతారు. ఎత్తుకుపోవాలంటే దానికి వేరే రేటు చెబుతారు కాబట్టి ఇంటాయన కూడా "సర్లే, ఫైర్‌ప్లేస్‌కు పనికొస్తాయిలే" అంటాడు.

ఆ దుంగలు అలాగే పొయ్యిలోకి వెళ్లవు. ఎవరో ఒకరు చీల్చాలి. అప్పుడు పక్కింటాయన కన్ను మీ గ్యారేజీలో ఉన్న స్ప్లిట్టర్ మీదో, మీ బలమైన భుజాల మీదో పడుతుంది. "ఈ శనివారం వచ్చి కాస్త కొట్టిపెడతావా బాబూ?" "దానికేముందండీ, చూద్దాం." మాట అక్కడితో ఆగిపోతుంది. ఎంత అని ఆయన అడగడు, ఇంత అని మీరు చెప్పరు. శనివారం పొద్దున మొదలుపెట్టిన పని ఆదివారం సాయంత్రానికి గానీ తెమలదు. ఆయన చేతిలో పెట్టిన నోట్లు చూసి మీ మనసు చివుక్కుమంటుంది. లేదా మీరు అడిగిన మొత్తం విని ఆయన ముఖం వాడిపోతుంది. ఆ తరువాత చెత్త డబ్బాలు బయటపెట్టే రోజున ఒకరికొకరు ఎదురుపడినా పలకరింపులు తగ్గుతాయి. మొహమాటానికి మనం కట్టే మూల్యం అది, కట్టెల ధరకన్నా చాలా ఎక్కువ.

ధరను మనిషిని చూసి కట్టకూడదు, కుప్పను చూసి కట్టాలి. ఆయన మన జిల్లావాడా, రిటైరైన పెద్దాయనా, పెద్ద ఇంట్లో ఉంటున్నాడా అన్నవి ధర తేలాక తగ్గించడానికి కారణాలైతే కావచ్చు. ధర కట్టడానికి మాత్రం అవి ఆధారాలు కావు. ముందు కుప్ప దగ్గరికి వెళ్లండి.

కుప్పను చదవడం

ఫోన్లో ఫొటో చూసి రేటు చెప్పకండి. నడిచి వెళ్లండి, దుంగల చుట్టూ తిరగండి, ఒకదాన్ని కాలితో దొర్లించండి. చూడాల్సినవి కొన్ని ఉన్నాయి, వాటిలో మొదటిది ఏ చెట్టు అన్నది.

మన ఊళ్లలో కట్టెలు కొట్టేవాళ్లకు ఈ సంగతి ఎవరూ నేర్పక్కర్లేదు. చింతమొద్దుకూ సరుగుడు దుంగకూ ఒకటే కూలి అంటే ఏ గొడ్డలివాడూ ఒప్పుకోడు. మాంసం కొట్టే మొద్దు చింతదే ఎందుకవుతుందో తెలిసినవాడికి, దాన్ని చీల్చడం ఎంత కష్టమో కూడా తెలుసు. మిషిగన్‌లో ఆ చింత స్థానం ఎల్మ్‌ది. ఎల్మ్ దుంగలో గొడ్డలి దిగుతుంది కానీ దుంగ విడిపోదు. లోపల నారలు ఒకదానిలో ఒకటి పెనవేసుకుని ఉంటాయి. స్ప్లిట్టర్ చీల చివరిదాకా దూరి రెండు చెక్కలూ పక్కలకు ఒరుగుతాయి, నడుమ మాత్రం నారలు సాగి పట్టుకుని ఉంటాయి. యంత్రం ఆపి, చిన్న గొడ్డలితో వాటిని తెగ్గొట్టి, చెక్కల్ని చేత్తో లాగాలి. ప్రతి దుంగకూ ఇదే తంతు. అదే యాష్ అయితే పోగు తిన్నగా ఉంటుంది, ఒక్క దెబ్బకు రెండు చెక్కలై పడుతుంది. 2002లో డెట్రాయిట్ ప్రాంతంలో బయటపడిన ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే ఆకుపచ్చ పురుగు ఇక్కడి యాష్ చెట్లను కోట్ల సంఖ్యలో చంపేసింది. నిలువునా ఎండిపోయిన యాష్ మీ కుప్పలో ఉంటే గంటలు కలిసొస్తాయి, ఆ లాభంలో ఇంటాయనకూ వాటా ఇవ్వండి. ఓక్ ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. తిన్నగా ఉన్న ముక్క బాగానే చీలుతుంది. కొమ్మ పుట్టిన చోట ముడి పడిన ముక్క మాత్రం మొండికేస్తుంది. దాని అసలు కష్టం బరువు. 20 అంగుళాల వెడల్పు, 16 అంగుళాల పొడవున్న పచ్చి ఓక్ దుంగ ఒక్కటే 80 కిలోల దాకా తూగుతుంది. అలాంటివాటిని రోజంతా లేపి పెట్టే నడుముకు వేరే లెక్క ఉండాలి.

తరువాత పొడవు. కంపెనీవాళ్లు ఎవరి పొయ్యి కొలతా చూసి కోయరు. 16 అంగుళాలు ఉండాల్సిన దుంగలు 22, 24 అంగుళాలు ఉంటే వాటిని చెయిన్‌సాతో మళ్లీ కోయాలి. అది చీల్చే పనిలో భాగం కాదు, వేరే పని, వేరే ప్రమాదం, వేరే ధర. పెరటి చెట్లలో ఇంకో చిక్కు: ఎప్పుడో ఎవరో బట్టల తీగకు కొట్టిన మేకు, ఊయల కట్టిన కొక్కెం చెట్టులోపల కప్పబడిపోయి ఉంటాయి. చెక్క చివర నీలంగా, నల్లగా మరక కనిపిస్తే లోపల ఇనుము ఉందేమో అనుమానించండి. బ్లేడు పోతే ఎవరు పెట్టుకోవాలో పని మొదలుకాకముందే అనుకోండి.

చోటు కూడా చూడాలి. ఇక్కడ చాలా పెరళ్లు రూజ్ నది పాయల వైపు పల్లంగా దిగిపోతాయి. కుప్ప పల్లంలో ఉండి, చీల్చిన కట్టెలు పైన గ్యారేజీ పక్కన పేర్చాలంటే పనిలో సగం చీల్చడం, సగం మోయడం. స్ప్లిట్టర్ గేటులో పడుతుందా, నేల మెత్తగా ఉండి చక్రాలు దిగబడతాయా అన్నది కూడా అక్కడే నిలబడి తేల్చుకోవాలి. కాలం సంగతి మరిచిపోవద్దు. జనవరి చలికి గడ్డకట్టిన పచ్చి దుంగ ఆగస్టు దుంగకన్నా సులువుగా పగులుతుంది. గొడ్డలితో కొట్టే మనిషైతే పని చలికాలానికి వాయిదా వేసి, తగ్గిన కష్టానికి ధరా తగ్గించడం మంచి బేరం.

కొలత ముందు, ధర తరువాత

మన వైపు మోపు, బండి, మణుగు అన్నట్టే ఇక్కడ కార్డ్ అంటారు. 4 అడుగుల ఎత్తు, 4 అడుగుల లోతు, 8 అడుగుల పొడవున సందులు తక్కువగా పేర్చిన కట్టెలు ఒక కార్డ్, అంటే 128 ఘనపుటడుగులు. మిషిగన్‌లో నోటి మాటగా ఎక్కువ వినిపించేది ఫేస్ కార్డ్. 4 అడుగుల ఎత్తు, 8 అడుగుల పొడవు, లోతు మాత్రం ఒక్క కట్టె పొడవే. ఆ కట్టె 16 అంగుళాలైతే ఫేస్ కార్డ్ అసలు కార్డ్‌లో మూడో వంతు. 12 అంగుళాలైతే నాలుగో వంతే. ఈ తేడాను పట్టించుకోకనే ఎన్నో బేరాలు చెడతాయి. అందుకే అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ ఇచ్చిన నమూనా నిబంధనలు కట్టెల అమ్మకంలో కార్డ్, దాని భాగాలు తప్ప ఫేస్ కార్డ్‌లాంటి మాటలు వాడొద్దంటాయి. మీరు అమ్మేది కట్టెలు కాదు, శ్రమ. అయినా కొలత విషయంలో ఆ జాగ్రత్తే పాటించండి. "ఫేస్ కార్డ్ అంటే 4 బై 8, కట్టె 16 అంగుళాలు" అని ఒక్కసారి పైకి అనేస్తే చాలు.

కొలిచేది పేర్చిన తరువాతే. చిందరవందరగా పోసిన కుప్ప కళ్లను మోసం చేస్తుంది. పోస్తే సుమారు 180 ఘనపుటడుగులు ఆక్రమించేది, పేరిస్తే ఒక కార్డ్‌లో సర్దుకుంటుంది. టేపు పట్టుకుని పొడవును ఎత్తుతో హెచ్చించి 32తో భాగిస్తే 16 అంగుళాల కట్టెకు ఫేస్ కార్డుల లెక్క వస్తుంది. 12 అడుగుల పొడవు, 4 అడుగుల ఎత్తు వరుస ఉంటే ఒకటిన్నర. ఇద్దరూ కలిసి టేపు పట్టుకోండి, ఒక కొస మీరు, ఒక కొస ఆయన.

ఇక ధర. దానికి ఒక నేల ఉంటుంది, ఒక కప్పు ఉంటుంది. నేల మీ ఖర్చు: గంటలకు కూలి, యంత్రం అద్దె లేదా అరుగుదల, పెట్రోలు, రాకపోకలు. అంతకన్నా తగ్గితే మీరు మీ జేబులోంచి ఆయన పొయ్యి వెలిగిస్తున్నట్టు. కప్పు ఆయనకు ఉన్న ప్రత్యామ్నాయం: చీల్చి, ఎండబెట్టి, ఇంటికి తెచ్చిచ్చే కట్టెలు బజార్లో ఎంతకు దొరుకుతాయో, అందులోంచి ఆయన ఇప్పటికే సొంతంగా కలిగి ఉన్న కలప విలువ తీసేయాలి. దుంగలు ఆయనవి. రెడీ కట్టెల ధరకు సమానంగా మీరు అడిగితే ఆయన కలపను ఆయనకే అమ్మినట్టవుతుంది. పైగా ఇవి పచ్చివి. ఓక్ సరిగా ఎండి తేమ 20 శాతం లోపుకు దిగడానికి ఏడాది నుంచి రెండేళ్లు పడుతుంది, అన్నాళ్లూ చోటు ఇచ్చి కాచుకోవాల్సింది ఆయనే.

అంకెలతో చూద్దాం. ఇవి లెక్క చూపడానికి అనుకున్న అంకెలు, మీ ఊరి రేట్లు మీరు వాకబు చేసుకోండి. పెరట్లో ఒక పూర్తి కార్డ్ అయ్యే ఓక్ దుంగలున్నాయి. అద్దె స్ప్లిట్టర్‌తో మీకు 5 గంటలు పడుతుంది. గంటకు 24 డాలర్లు చొప్పున 120. యంత్రం అద్దె 90, దానిలో పెట్రోలు 10. అద్దె దుకాణానికి పోయిరావడం మొత్తం 20 మైళ్లు. 2025కు ఐఆర్‌ఎస్ లెక్కలో మైలుకు 70 సెంట్లు కాబట్టి 14. కలిపితే 234, అదీ మీ నేల. బజార్లో ఫేస్ కార్డ్ 120 అనుకుంటే మూడింటికి 360. అందులో పచ్చి దుంగల విలువకూ, ఆయన ఎదురుచూపుకూ కలిపి 100 తీసేస్తే 260, అదీ ఆయన కప్పు. 234కూ 260కీ మధ్య ఎక్కడ తెగినా న్యాయమే. 250 దగ్గర తెంచుకోండి. ఫేస్ కార్డ్‌కు 83 డాలర్లు పడుతుంది.

ఒక్కోసారి నేల కప్పును దాటిపోతుంది. ఎల్మ్ కుప్ప, పల్లపు పెరడు, పొడుగు దుంగలు, మూడూ ఒక్క చోట చేరితే అదే జరుగుతుంది. అప్పుడు ధర తగ్గించి పని ఒప్పుకోవద్దు. "అంకుల్, ఇది నాతో చేయించుకోవడం కన్నా ఎండిన కట్టెలు కొనుక్కోవడమే మీకు చవక" అని చెప్పేయండి. ఆ మాట చెప్పినవాణ్ని మనుషులు ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకుంటారు.

గంట కూలి ఎంత పెట్టాలన్నది చాలామందిని వేధించే ప్రశ్న. కొందరు తమ సాఫ్ట్‌వేర్ జీతాన్ని గంటలకు విడగొట్టి అదే పెట్టాలంటారు. నేను ఒప్పుకోను. పక్కింటాయన కొంటున్నది మీ కోడింగ్ కాదు. అలాగని కనీస వేతనమూ సరికాదు. 2026 జనవరి 1 నుంచి మిషిగన్ కనీస వేతనం గంటకు 13.73 డాలర్లు. అది ఏ నైపుణ్యమూ, ఏ పనిముట్టూ అడగని పనికి కూడా చట్టం నిలబెట్టిన అడుగు గీత. దుంగను చూసి పోగు చదివి, వేళ్లు కాపాడుకుంటూ హైడ్రాలిక్ యంత్రం నడిపే మనిషికి దానికన్నా గట్టిగా పైన ఉండాలి. అదే పనికి అదే ఊళ్లో మీరు వేరొకరిని పిలిస్తే సంతోషంగా ఎంత ఇస్తారో ఆలోచించి, ఆ అంకె పెట్టండి.

గుత్తా, గంటలా, పాలా?

నా ఓటు గుత్తకే. గంటల లెక్కలో మీరు నీళ్లు తాగడానికి ఆగినా ఆయన కిటికీలోంచి చూస్తున్నట్టనిపిస్తుంది. నెమ్మదిగా పనిచేసేవాడికి ఎక్కువ, చురుగ్గా చేసేవాడికి తక్కువ దక్కుతుంది. పేర్చిన కొలత మీద గుత్త మాట్లాడుకుంటే మీ వేగం మీది, ఆయన నిశ్చింత ఆయనది. గంటల లెక్క ఒక్క చోటే నయం: కుప్పలో ఏముందో ఇద్దరికీ తెలియనప్పుడు. తుఫాను తరువాత మంచు కింద కూరుకుపోయిన గుట్ట అలాంటిదే. అప్పుడు కూడా "ఇంత దాటితే ఆపి అడుగుతాను" అని ఒక హద్దు చెప్పండి.

పొలం పాలుకు ఇచ్చినట్టు కట్టెలూ పాలుకు చీల్చవచ్చు. మీ ఇంట్లోనూ ఫైర్‌ప్లేస్ ఉంటే డబ్బు బదులు కట్టెల్లో వాటా తీసుకోవడం హాయి. పై లెక్కలోనే చూడండి: ఎండాక 360 విలువ చేసే కార్డ్‌లో మీ శ్రమ 250 దాకా ఉంది. మూడింట రెండు వంతులు అడగాలనిపిస్తుంది. కానీ పచ్చి కట్టె ఎండేదాకా ఇప్పుడు మీరూ కాచుకోవాలి కదా, ఆ లెక్కన మీ వాటాకు మీరే ధర కట్టుకుని మాట్లాడుకోవాలి. సగం సగం అంటే ఇంటాయనకు మేలు. అది తెలిసి ఒప్పుకుంటే తప్పులేదు, తెలియక ఒప్పుకుంటేనే తరువాత నొప్పి. వాటా కట్టెలు ఊరు దాటించవద్దు. యాష్ పురుగు ఊరూరా పాకిన దారుల్లో ముఖ్యమైనది మనుషులు బండ్లలో తీసుకుపోయిన వంటచెరకే. 2022 ఆగస్టులో మన ఓక్లండ్ కౌంటీలోనే, పాంటియాక్‌లో, స్పాటెడ్ లాంటర్న్‌ఫ్లై అనే ఇంకో పురుగు మిషిగన్‌లో మొదటిసారి కనిపించింది. దాని గుడ్లు కట్టెల మీద బురద మరకల్లా అంటుకుని ప్రయాణం చేస్తాయి. కాబట్టి వేసవిలో ఉత్తరాన క్యాంపింగ్‌కు పోయేటప్పుడు మీ వాటా కట్టెలు ట్రంకులో వేసుకోకండి, అక్కడే కొనుక్కోండి. చెట్టు ఓక్ విల్ట్ తెగులుతో చచ్చిన రెడ్ ఓక్ అయితే చీల్చిన కట్టెలను అంచులు మూసుకుపోయేలా ప్లాస్టిక్ పట్టాతో కప్పి ఉంచాలి. ఆ పట్టా, ఆ పని ఎవరివో బేరంలోనే చేర్చండి.

బదులు పని ఇంకో దారి. ఈ వారం మీ కట్టెలు నేను, వచ్చే నెల మా డెక్‌కు రంగు మీరు. ఊళ్లో నాట్లకు, కోతలకు మనవాళ్లు చేసుకున్నదే. దీనిలోనూ గంటలు ముందే అనుకోవాలి.

నోరు తెరవడం

లెక్క వచ్చినా చెప్పలేక ఆగిపోయేవాళ్లే ఎక్కువ. ముఖ్యంగా అవతలివారు తెలుగువారైతే. ఆయన "ఎంతివ్వమంటావు బాబూ?" అంటాడు. మీరు "మీ ఇష్టం అంకుల్" అంటారు. "మీ ఇష్టం" వినడానికి మర్యాదగా ఉంటుంది కానీ లెక్క కట్టే భారమంతా పెద్దాయన మీదకు తోసేస్తుంది. ఆయనకు ఎల్మ్ తెలియదు, స్ప్లిట్టర్ అద్దె తెలియదు. ఏ అంకె అంటే మీరు నొచ్చుకుంటారోనని ఆయన నలిగిపోతాడు. ఇలా అని చూడండి:

"అంకుల్, కుప్ప చూశాను. పేరిస్తే మూడు ఫేస్ కార్డులు అవుతుంది. చీల్చి, మీ గ్యారేజీ పక్కన పేర్చడానికి 250 అవుతుంది. మెషిన్ అద్దె అందులోనే. నాలుగు దుంగలు పొడుగ్గా ఉన్నాయి, వాటిని కోయడం ఇందులో లేదు."

"మనవాళ్లం కదా బాబూ, కొంచెం చూడు."

"చూసే చెప్పానండీ. పేర్చడం మీ అబ్బాయి చేస్తానంటే 40 తగ్గిస్తాను."

చివరి మాట గమనించండి. ధర తగ్గింది, దానితోపాటు పనీ తగ్గింది. పని అలాగే ఉండి ధర ఒక్కటే తగ్గితే మీ మొదటి అంకె అబద్ధమని మీరే ఒప్పుకున్నట్టు. ఆయన నిజంగా ఇబ్బందుల్లో ఉన్న మనిషైతే ఉచితంగా చేసిపెట్టండి, పూర్తి ఉచితంగా, ఆ మాట ముందే చెప్పి. సగం డబ్బు, సగం దయ కలిపిన పని ఇద్దరికీ గొంతులో ముల్లు.

ఒప్పందం కుదిరాక ఒక మెసేజ్ పెట్టండి: కొలత, ధర, ఏవి కలిసాయి, ఏవి లేవు. మూడు లైన్లు చాలు.

డబ్బు తీసుకునే ముందు మనవాళ్లు చూసుకోవాల్సినది ఇంకొకటి ఉంది, దీన్ని తేలికగా తీసుకోవద్దు. హెచ్1బీ మీద ఉన్నవారికి ఉద్యోగ అనుమతి స్పాన్సర్ చేసిన యజమాని దగ్గరికే పరిమితం. ఎఫ్1 విద్యార్థులకు కాలేజీ బయట పనిమీద కట్టుబాట్లున్నాయి, హెచ్4 మీద ఉన్న టీనేజి పిల్లలకు సొంతంగా పని అనుమతి ఉండదు. పక్కింటి కట్టెలకు పుచ్చుకున్న నోట్లు గ్రీన్‌కార్డ్ ఫైలులో ప్రశ్నగా మారే అవకాశం ఎందుకు ఇవ్వాలి? మీ ఇమ్మిగ్రేషన్ లాయర్‌ను అడగండి, అడిగేదాకా ఉచితంగా చేయండి. సిటిజన్లు, గ్రీన్‌కార్డ్ ఉన్నవారు ఇలాంటి పనుల మీద ఏడాదికి ఖర్చులు పోను 400 డాలర్లు గానీ అంతకుమించి గానీ సంపాదిస్తే స్వయం ఉపాధి పన్ను, 15.3 శాతం, కట్టాలి. రెండు మూడు పెరళ్లు చేస్తే ఆ గీత దాటిపోతారు, కాబట్టి అద్దె రసీదులు, మైళ్ల లెక్క దాచుకోండి.

పిల్లలకు సంపాదన రుచి చూపించాలని తండ్రులు ఈ పని అప్పగించడం చూస్తుంటాం. పేర్చడం, మోయడం, కొలవడం ఇవ్వండి. స్ప్లిట్టర్ లివర్ ఇవ్వకండి. ఒకరు దుంగ పెట్టి ఇంకొకరు లివర్ నొక్కడం పెద్దవాళ్లకే ప్రమాదం, వేళ్లు పోయేది అక్కడే. దుంగ పెట్టిన చేతులే లివర్ నొక్కాలి. ఈ కారణంగానే ఇద్దరు మనుషులు వస్తే పని సగం సమయంలో అవుతుందని లెక్క వేయకండి. రెండో మనిషి వల్ల మోయడం, పేర్చడం వేగమవుతుంది, చీల్చడం కాదు.

ఎంత జాగ్రత్తగా చూసినా కుప్ప అడుగున ఏదో ఒకటి దాగి ఉంటుంది. పైన ఓక్, కింద ఎల్మ్. లేదా మూడనుకున్నది నాలుగు ఫేస్ కార్డులు అవుతుంది. అది తెలిసిన క్షణంలో యంత్రం ఆపి ఆయన తలుపు కొట్టండి. ఆ దుంగను ఆయనకు చూపించండి. "మూడుకు మాట్లాడుకున్నాం, ఇంకొకటి మిగులుతోంది. అదే రేటుకు చేయమంటారా, ఇక్కడికి వదిలేయమంటారా?" అని అడగండి. పని పూర్తయ్యాక చెప్పే అదనం ఎవరికైనా దండుగలాగే వినిపిస్తుంది. మధ్యలో ఆపి అడిగితే ఆయనకు వద్దనే అవకాశం ఉంటుంది. వద్దంటే మూడు ఫేస్ కార్డులూ కొలిచి, డబ్బు తీసుకుని, మిగిలిన దుంగల్ని తడి తగలకుండా రెండు బద్దల మీదకు దొర్లించి రండి.